మాత్ర మ్రింగవలసినది మనస్సే

దీర్ఘకాలిక రక్తక్యాన్సరు ఉన్నదని తేలిన రోగికి నేడు మన వైద్యులు తరచుగా చెప్పు మొదటి మాట, "కంగారు పడకండి, ఇది బీపీ, షుగర్ లాంటిదే, రోజూ మాత్ర వేసుకుంటే చాలు" అనునది. ఈ మాటలో అసత్యము లేదు. సీఎంఎల్ అని వాడుకలో పిలువబడు దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా, ముప్పది యేండ్ల క్రితము చాలమందిని నాలుగైదు సంవత్సరములలో హరించుచుండెడిది. నేడు మందునకు చక్కగా లొంగినవారి ఆయుఃప్రమాణము సాధారణ జనుల ఆయుఃప్రమాణమునకు దాదాపు సమానముగా నున్నది. కాని ఆ మాట విన్న రోగి ఆసుపత్రి మెట్లు దిగునప్పటికి, దానిలోని ఊరటతోపాటు ఒక నిషేధము కూడ అతని వెంట బయలుదేరును. బీపీ వచ్చినవాడు ఏడ్వడు గదా, నీకేల ఈ దిగులని ఎవరును అనకపోయినను, అన్నట్లే అతనికి వినబడును. తీవ్రవ్యాధితో మంచమునంటినవాడు దుఃఖించుటకు బంధుజనము అంగీకరించును; ఇరువది, ముప్పది సంవత్సరములు రోగముతోనే ఉద్యోగము చేయుచు, ఇంటి వాయిదాలు కట్టుచు, పిల్లలను బడికి పంపవలసినవానికి ఆ అంగీకారము లభింపదు. ఆ దుఃఖమును పట్టించుకొనకపోవుటను మనమింతకాలము కేవలము ఆదరలోపముగా భావించుచు వచ్చితిమి. అది చికిత్సాలోపమని నా వాదము.

ఈ మాట నానక్‌రామ్‌గూడను దృష్టిలో నుంచుకొని వ్రాయుచున్నాను. రంగనాథస్వామి ఆలయము, రామానాయుడు స్టూడియో, చుట్టును బండరాళ్ళ గుట్టలు ఒకప్పుడు నగరవాసులకు ఈ ఊరి గుర్తులు. నేడు ఔటర్ రింగ్ రోడ్డు కూడలి మొదలుకొని ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు వరకు గాజుభవనములు బారులు తీరియున్నవి. 2019లో అమెజాన్ సంస్థ తన బృహత్ప్రాంగణమును ఇచటనే తెరచినది. 2023లో అమెరికా కాన్సులేటు బేగంపేట నుండి ఇచటికే తరలివచ్చినది. ఈ ప్రాంతమునకును ఈ రోగమునకును గల సంబంధము వయస్సునుబట్టి ఏర్పడినది. పాశ్చాత్యదేశములలో సీఎంఎల్ ప్రధానముగా అరువదేండ్లకు అటునిటు నున్నవారి వ్యాధి కాగా, మన ఆసుపత్రులకు వచ్చువారిలో అధికసంఖ్యాకులు నలుబదికి అటునిటు వయస్సువారు. వ్యాధి బయటపడు తీరు కూడ ఇచటి జీవనమునకు తగినట్లే యుండును: ఏ బాధయు తోచక, కంపెనీ వారు ఏటేట చేయించు హెల్త్ చెకప్‌నకు పోయినవాని రక్తములో, పదకొండువేలు మించరాని తెల్లకణములు లక్ష దాటియున్నవని సాయంకాలమునకు ల్యాబు నుండి ఫోను వచ్చును. ఉదయము ఆరోగ్యవంతుడై ఇల్లు వెడలినవాడు రాత్రికి క్యాన్సరు రోగియై తిరిగివచ్చును. మరునాటి ఉదయమున స్టాండప్ మీటింగునకు మరల హాజరు కావలెను.

అట్టివాని దినచర్య నొకదానిని ఊహించి చూతము. అతడు వాడునది నిలోటినిబ్ అను మందనుకొందము. పగటి క్యాప్సూలునకు పండ్రెండు గంటల దూరమున రాత్రి క్యాప్సూలు. మందునకు రెండు గంటల ముందునుండి ఒక గంట తరువాతి వరకు ఆహారము ముట్టరాదు. అమెరికావారితో రాత్రి తొమ్మిదింటికి కాల్ ఉన్న దినమున భోజనమును ఎప్పటికి జరుపవలెనో, టీమ్ డిన్నర్‌లో పళ్ళెము ముందుంచుకొని ఏమి సాకు చెప్పవలెనో అతడు మధ్యాహ్నమునుండియే లెక్కలు వేయుచుండును. "ఏంటి బ్రో, డైటింగా?" అని ప్రక్కవాడడుగును, అతడు నవ్వి ఊరకుండును. ఇమాటినిబ్ అను మరియొక మందు వాడువాని అవస్థ వేరు: తెల్లవారుసరికి కనురెప్పలు ఉబ్బును, నిద్రలో పిక్కలు పట్టును, ఎంత విశ్రమించినను తీరని బడలిక దేహమునాశ్రయించి యుండును. "కళ్ళేంటి అలా ఉబ్బాయి, రాత్రంతా పార్టీయా?" అను హాస్యమునకు అతని యొద్ద సమాధానము సిద్ధముగా నుండును. మాత్రలను వాటి పెట్టెలో నుంచక విటమిన్ సీసాలోనికి మార్చి బ్యాగులో వేసికొనువాడు, అప్రైజల్ కాలమున సెలవు పెట్టి ఆసుపత్రికి పోవుటకు జంకి అన్నగారి పెండ్లిచూపులని కల్పించి చెప్పువాడు, రోగముకన్న ముందుగా రోగమును దాచు శ్రమచేతనే అలసిపోవుచున్నాడు.

ఇక మూడు నెలల కొకసారి రక్తపరీక్ష. ఈ వ్యాధికి మూలమైన బీసీఆర్-ఏబీఎల్ జన్యువు రక్తములో ఇంకను ఎంత మిగిలియున్నదో పీసీఆర్ పద్ధతిచే లెక్కించి శాతములలో తెలుపుదురు, 0.1 శాతమునకు దిగినచో మందు బాగుగా పనిచేయుచున్నట్లు గుర్తు. గతమారు 0.08 ఉన్నది ఈమారు 0.12 అయినచో, అంతమాత్రపు హెచ్చుతగ్గు పరీక్షాస్వభావములోనే కలదని వైద్యుడెరుగును. ఆ సంఖ్యను అర్ధరాత్రి ఫోనులో పీడీఎఫ్‌గా తెరచి చూచుకొనువాడు ఎరుగడు. పరీక్షకు వారము ముందునుండి నిద్రపట్టక, ఫలితము వచ్చిన పిదప రెండు దినములు తేరుకొని, మరల తరువాతి తేదీని లెక్కించుకొనుచు బ్రతుకు నడుపువారు, సంవత్సరమునకు నాలుగు మారులు ఈ చక్రమున తిరుగుచున్నారు. ఇందు కొందరికి కలుగునది సహజమైన భయము. కొందరికది ఆందోళనా రుగ్మతగా, కుంగుబాటుగా ముదురును. ఈ రెంటికిని గల భేదమును ఎవరో ఒకరు పట్టి చూడవలెను గదా. చూచువారెవరు?

రక్తక్యాన్సరు ఔషధముల చరిత్రలో తెలుగువారి పాత్ర స్వల్పమైనది కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలముగా వెలువడిన అమినాప్టెరిన్‌తోనే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947–48లో పసిబిడ్డల తీవ్ర రక్తక్యాన్సరును తొలిసారిగా కొంతకాలము వెనుకకు నెట్టగలిగెను. దీర్ఘకాలిక వ్యాధి విషయమున 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్‌లు రోగుల కణములలో ఒక పొట్టి క్రోమోజోమును గుర్తించిరి; అది 9వ, 22వ క్రోమోజోములు తమ ముక్కలను మార్చుకొనుటవలన ఏర్పడినదని 1973లో జానెట్ రౌలీ నిరూపించెను; ఆ మార్పువలన పుట్టు ప్రోటీనును నిరోధించు ఇమాటినిబ్ 2001 మే నెలలో అమెరికాలో అనుమతి పొందెను. ఆ మందు నొవార్టిస్ వారి గ్లీవెక్ పేర నెలకు దాదాపు 1,20,000 రూపాయలు పలుకుచుండగా, బంజారాహిల్స్ కేంద్రముగా గల నాట్కో ఫార్మా మొదలగు దేశీయ సంస్థలు అదే మందును 8,000 నుండి 10,000 రూపాయలకు అందించినవి. ఆ మందుపై నొవార్టిస్ కోరిన పేటెంటును గూర్చిన వివాదము చెన్నై పేటెంటు కార్యాలయమున మొదలై సుప్రీంకోర్టు వరకు నడచి, 2013 ఏప్రిల్ 1న నొవార్టిస్ అభ్యర్థన తిరస్కరింపబడుటతో ముగిసెను. అనగా మాత్ర కనుగొనబడినది, దాని వెలయు దిగినది. అది రోగి యింటి బల్లపైకి చేరినది. బల్లపైనుండి నోటివరకు గల జానెడు దూరమును గురించి మాత్రము ఎవరును ఆలోచింపలేదు.

ఆ జానెడు దూరము ఎంత ప్రమాదకరమైనదో లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు 2010లో ప్రకటించిన పరిశోధన చెప్పుచున్నది. చాలకాలముగా ఇమాటినిబ్ వాడుచున్న 87 మందికి, మూతలో ఎలక్ట్రానిక్ పరికరమమర్చిన సీసాలలో మందునిచ్చి, సీసా ఎన్నిసార్లు తెరువబడినదో వారు లెక్కించిరి. నూటికి తొంబదికి మించి మాత్రలు వేసుకొన్నవారిలో ఆరేండ్లకు ఆశించిన ఫలితము లభించు అవకాశము 94.5 శాతము, తొంబదికి మించనివారిలో అది 28.4 శాతము. నూటికి పది తప్పుట యనగా నెలకు మూడు మాత్రలు. వారమునకొకటి చొప్పున మరచినను ఆ గీత దాటినట్లే. మాత్ర తప్పుటకు కారణము మరపు ఒక్కటియే కాదు. కుంగుబాటు గల రోగులు ఏ వ్యాధికైనను వైద్యుల సూచనలను పాటింపకపోవు అవకాశము మూడురెట్లని 2000లో అనేక అధ్యయనములను క్రోడీకరించిన ఒక పరిశీలన తేల్చినది. "వేసుకుని మాత్రం ఏమవుతుందిలే" అను నిస్పృహ ఒక రాత్రి చాలును. జన్యువును గురిపెట్టి చేయబడిన ఇంత సూక్ష్మమైన ఔషధమును మ్రింగుటకు పూనుకొనవలసినది, తుదకు, నిద్రలేని ఒక మనస్సు.

ఇమాటినిబ్ అనుమతి పొందిన ఆ 2001వ సంవత్సరముననే అమెరికాలో కుంగుబాటును గుర్తించు మరియొక సాధనము ప్రచురింపబడెను. దాని పేరు పీహెచ్‌క్యూ-9. గడచిన రెండు వారములలో పనులపై ఆసక్తి తగ్గినదా, మనస్సు కుంగినదా, నిద్ర ఎట్లున్నది, ఆకలి ఎట్లున్నది, చనిపోయిన బాగుండునను ఆలోచన కలిగినదా అను రీతిగా తొమ్మిది ప్రశ్నలు; ఒక్కొక్కదానికి సున్న నుండి మూడు వరకు మార్కులు; మొత్తము పదికి చేరినచో మరింత విచారింపవలెను. ఐదు నిమిషముల పని, రుసుము లేదు. మాత్ర ప్రపంచమంతట వ్యాపించినది. ఈ కాగితము మన క్యాన్సరు ఓపీలలో అంతటి ప్రచారమును పొందలేదు. ఇందొక వైపరీత్యము కూడ కలదు. ఇమాటినిబ్‌కు పూర్వము ఈ వ్యాధికి ఇచ్చుచుండిన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు స్వయముగా కుంగుబాటును కలిగింపగలవు. కావున ఆనాటి వైద్యుడు రక్తముతోపాటు రోగి మనస్సును కూడ విచారింపవలసి వచ్చెడిది. క్రొత్త మందుతో ఆ అవసరము తగ్గగా, ఆ ప్రశ్న కూడ పాత మందుతోపాటే నిష్క్రమించినట్లు నాకు తోచుచున్నది.

ప్రశ్నావళి సర్వరోగనివారిణి యని నేననుట లేదు. బడలిక, నిద్రలేమి, ఆకలి మందగించుట అనునవి కుంగుబాటువలనను కలుగును, మాత్రవలనను కలుగును. కావున మార్కులను చూచి నిర్ణయించుట తగదు, మనిషితో మాటలాడవలెను. ముఖ్యముగా ఆసక్తిని, విచారమును గూర్చిన మొదటి రెండు ప్రశ్నలకును, ఆత్మహాని తలంపును గూర్చిన తొమ్మిదవ ప్రశ్నకును వచ్చిన సమాధానములను ఏమాత్రము ఉపేక్షింపరాదు. ఓపీలో వందమంది వేచియుండగా సమయమెక్కడిదని వైద్యులు అడుగుట న్యాయమే. కాని రక్తము తీయించుకొనుటకు బెంచీపై కూర్చుండియున్న రోగికి సమయము కావలసినంత కలదు. కాగితమును నర్సు ఈయవచ్చును, సోషల్ వర్కరు చూడవచ్చును, వైద్యునికి చేరవలసినది ఆందోళన కలిగించు కాగితములు మాత్రమే.

రక్తరోగము రాకపూర్వమే మానసికవ్యాధికి మందులు వాడుచున్నవారి సంగతి మరింత జాగ్రత్తతో చూడదగినది. వారికి రెండు ఆసుపత్రులు, రెండు ఫైళ్ళు. ఒక ఫైలులో నున్నది రెండవ వైద్యునికి తెలియదు. మానసిక వైద్యమును గూర్చిన సిగ్గుచే అనేకులు ఆ ఫైలును ఇంటనే విడిచి క్యాన్సరు వైద్యుని యొద్దకు పోవుదురు. నిలోటినిబ్ గుండె విద్యుత్‌స్పందనలో క్యూటీ అను వ్యవధిని పొడిగింపగలదు. కుంగుబాటునకు విరివిగా ఇచ్చు ఎస్సిటలోప్రామ్ కూడ అదియే చేయును. రెండును కలిసినప్పుడు ఈసీజీ తీయకుండుట సాహసము. మానసికోద్వేగములను అదుపులో నుంచుటకు ఇచ్చు కార్బమజెపిన్, ఇమాటినిబ్‌ను కాలేయము త్వరగా విరుగగొట్టునట్లు చేసి రక్తములో దాని పాలు తగ్గించును; ఉన్మాద విషాదముల వ్యాధికి వాడు లిథియము స్వయముగా తెల్లకణములను పెంపగలదు. ఇవి విని భయపడి ఏదో ఒక మందును తనంత తాను మానివేయుట అన్నిటికన్న పెద్ద పొరపాటు. ప్రత్యామ్నాయములు ఉన్నవి, మోతాదులు మార్చవచ్చును. చేయవలసినది ఇంతే: రెండు చీటీలను ఒకే కవరులో పెట్టి, ఇద్దరు వైద్యులకును చూపవలెను.

ఇక బంధుమిత్రుల ఉపదేశమొకటి కలదు: "నువ్వు దిగులు పడితే రోగం పెరుగుతుంది, ధైర్యంగా ఉండు." సదుద్దేశముతో పలుకబడు ఈ వాక్యము రోగి నెత్తిన రెండవ బరువును పెట్టును. విచారపడుటవలన బీసీఆర్-ఏబీఎల్ పెరుగునని నిరూపింపబడలేదు. మాత్రలు తప్పుటవలన పెరుగునని నిరూపింపబడినది. ఈ భేదమును ఇంటిల్లిపాదియు గ్రహించినచో, ఏడ్చినందుకు తన్ను తాను నిందించుకొను దురవస్థ రోగికి తప్పును.

స్త్రీల స్థితి ఇంకను చిక్కైనది. ఇమాటినిబ్ గర్భస్థశిశువునకు హాని చేయగలదు కనుక గర్భధారణను వైద్యసలహాతో, మందు ఆపదగిన కాలము చూచుకొని, ఏర్పాటు చేసికొనవలెను. ఈ సంగతి అత్తవారింట చెప్పని కోడలిని ప్రతి పండుగకును "విశేషమేమైనా ఉందా?" అని ప్రశ్నించువారు పదిమంది. వృద్ధుల విషయమున వ్యాధియు వేరు, వ్యథయు వేరు. సీఎల్‌ఎల్ అను దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా తొలిదశలో నున్నచో వెంటనే మందీయక, కొన్నినెలల కొకసారి పరీక్షించుచు వేచియుండుటయే శాస్త్రీయమైన పద్ధతి. మనుమల ఆలనకై గుంటూరునుండియో కరీంనగరునుండియో వచ్చి నానక్‌రామ్‌గూడ అపార్టుమెంటు ఇరువదవ అంతస్తున కూర్చున్న పెద్దాయనకు ఇది బోధపడదు. రోగమున్నదట, మందు లేదట! పిల్లలు ఏదో దాచుచున్నారని ఆయన నిశ్చయము; దాచుట మన యిండ్లలో నిజముగానే ఆచారము గనుక ఆ సందేహము నిరాధారము కాదు. "రక్తం కాస్త తక్కువుందట నాన్నా" అని కొడుకు చెప్పిన అబద్ధమువలన తండ్రికి నిద్ర వచ్చుట లేదు. ఇట్టివారికి తెలుగులో, తీరికగా, వేచియుండుట ఎందువలన మేలో వైద్యుడు పదినిమిషములు వివరించిన, అదియే సగము చికిత్స.

చట్టము ఈ విషయమున సమాజముకన్న కొంత ముందున్నది. 2018లో అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2017, తన 21వ సెక్షనులో, శారీరక వ్యాధులతో సమానముగా మానసిక వ్యాధులకును బీమా కల్పింపవలెనని ఆదేశించినది. కాని మన పాలసీలు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవాని ఖర్చును భరించునవి. కౌన్సెలింగ్ గదిలో గంటసేపు కూర్చుండి ఇంటికి వచ్చువానికి వాటివలన ఒనగూడునది స్వల్పము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములోని 21 రకముల వైకల్యములలో తలసీమియా, హీమోఫిలియా, సికిల్‌సెల్ వ్యాధులున్నవి, మానసిక వ్యాధియున్నది, రక్తక్యాన్సరు లేదు. కాబట్టి షిఫ్టు మార్పించుకొనుటకును, మూడు నెలలకొక దినము పరీక్షకై సెలవు పొందుటకును ఈ రోగి తన మేనేజరు దయపై ఆధారపడవలసినదే. పైగా అతని బీమా ఉద్యోగముతో ముడివడియున్నది. లేఆఫ్ వార్త వినబడిన ప్రతిసారియు అతడు జీతమును, వైద్యమును ఏకకాలమున పోగొట్టుకొనినట్లు భయపడును. ఆ భయమును ధ్యానశిబిరములు తొలగింపజాలవు. ఏటా అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినోత్సవమని లాబీలలో బెలూన్లు కట్టు సంస్థలు, ఆ వ్యయముతో తమ గ్రూప్ ఇన్సూరెన్సులో ఓపీ మానసిక చికిత్సను, పీసీఆర్ పరీక్షను చేర్చిన, ఉద్యోగము పోయిన పిదప కొన్ని నెలలు బీమా నిలుచు ఏర్పాటు చేసిన, అంతకు మించిన ఉత్సవము వేరుండదు.

ప్రభుత్వపక్షమున 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ కలదు. 14416 నంబరునకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఆత్మహాని తలంపు కలిగినవాడు తెల్లవారువరకు వేచియుండనక్కరలేదు, ఇంటిలో నున్నవారిని లేపవలెను, ఆ నంబరునకు ఫోను చేయవలెను, దగ్గరి ఆసుపత్రికి పోవలెను. తక్కిన దినములలో కుటుంబసభ్యులు చేయదగినది మరింత సామాన్యమైనది: ధైర్యోపదేశమును తగ్గించి, "ఈ వారం మాత్రలు ఎన్ని తప్పాయి? నిద్ర పడుతోందా?" అని అడిగి, తప్పినవని చెప్పినప్పుడు కోపపడకుండుట. కోపపడినచో మరుసటి వారము నిజము చెప్పడు.

తొమ్మిదవ, ఇరువదిరెండవ క్రోమోజోములను పురస్కరించుకొని సెప్టెంబరు 22ను ప్రపంచ సీఎంఎల్ దినముగా పాటించుచున్నారు. రానున్న సెప్టెంబరునాటికైన నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి ప్రాంతపు కార్పొరేటు ఆసుపత్రులును, పేదలకు దిక్కైన రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సరు సంస్థ, పంజాగుట్ట నిమ్స్ వంటి ప్రభుత్వరంగ వైద్యాలయములును పీసీఆర్ పరీక్షకు వచ్చు ప్రతి రోగి చేతికి తొమ్మిది ప్రశ్నల తెలుగు కాగితము నిచ్చుటను నియమముగా చేసికొనవలెనని కోరుచున్నాను. మందు ధరపై దశాబ్దకాలము పోరాటము జరిగినది. అందుకు శాస్త్రజ్ఞులు, కంపెనీలు, న్యాయమూర్తులు కావలసి వచ్చిరి. ఈ కాగితమునకు ఒక జిరాక్సు యంత్రము, ఒక నర్సు, చదివి స్పందించు ఒక వైద్యుడు చాలుదురు. ఇంత చౌకయైన పనిని చేయకపోవుటకు ఖర్చును కారణముగా చూపుట ఇక ఎవరికిని సాధ్యము కాదు.